ఫిల్ములో కనపడని పగులు: అవ్వ మాటకు విలువెంత?

ప్రభుత్వ పత్రాల్లో ‘స్త్రీల ఆరోగ్యం’ అనే శీర్షిక కింద ఏముంటుందో ఒకసారి చూడండి. గర్భం, కాన్పు, కుటుంబ నియంత్రణ, రక్తహీనత, ఈమధ్య గర్భాశయ ముఖద్వార కాన్సరు. పిల్లల్ని కనే వయసు దాటగానే స్త్రీ ఆ పత్రాల్లోంచి మాయమవుతుంది. అరవై దాటాక ‘వృద్ధులు’ అనే, ఆడా మగా తేడా తెలియని మాటలో కలిసిపోతుంది. నేను రాయబోయేది ఆ మాయమైన స్త్రీ తుంటి ఎముక గురించి. అది ఎముకల డాక్టర్లు చూసుకోవలసిన సంగతి కదా, హక్కుల పత్రికలో దానికేం పని అని అనిపించవచ్చు. కిందపడిన స్త్రీ ‘కాలు మోపలేకపోతున్నాను’ అంటుంది. ఎక్స్‌రే ఫిల్ము ‘ఏమీ లేదు’ అంటుంది. రెండింటిలో ఏ మాట నిలుస్తుంది, ఎవరి మాట నిలుస్తుంది అనేది వైద్యానికి సంబంధించిన ప్రశ్న మాత్రమేనా?

ముందు ఈ పగులు సంగతి చూద్దాం. తొడ ఎముక పైభాగంలో బంతిలాంటి గుండు ఉంటుంది, అది కటి ఎముక గుంటలో తిరుగుతుంది. గుండుకీ తొడ ఎముక కాండానికీ మధ్యన ఉన్న సన్నని భాగాన్ని మెడ అంటారు. వయసు మీద పడి ఎముకలు గుల్లబారిన స్త్రీ పక్కకు ఒరిగి పడితే చాలా సార్లు విరిగేది ఈ మెడో, దాని కిందిభాగమో. విరిగిన ముక్కలు పక్కకు జరిగితే కాలు పొట్టిదవుతుంది, పాదం బయటికి తిరుగుతుంది. దాన్ని గుర్తుపట్టడానికి డాక్టరు కూడా అక్కర్లేదు, ఊళ్లో ఎవరైనా చెప్పేస్తారు. కానీ కొన్నిసార్లు ఎముక పగులుతుంది గానీ జరగదు. ఒక ముక్క రెండోదాంట్లో దిగబడి అలాగే నిలుస్తుంది. అప్పుడు కాలు పొడవు మారదు, పాదం తిరగదు, మనిషి కర్ర పట్టుకుని కుంటుకుంటూ నాలుగడుగులు వేస్తుంది కూడా. ఎక్స్‌రే తీస్తే గీత కనపడదు. ఇలా మొదటి ఎక్స్‌రేకి చిక్కనివి తుంటి విరిగిన కేసుల్లో నూటికి 2 నుంచి 10 దాకా ఉంటాయని వేర్వేరు దేశాల అధ్యయనాలు చెప్తున్నాయి. సరిగ్గా తీయని ఎక్స్‌రేల వల్ల తప్పిపోయేవి వీటికి అదనం. మెడ భాగం పూర్తిగా పడాలంటే కాలిని పదిహేను డిగ్రీలు లోపలికి తిప్పి తీయాలి. నొప్పితో అరుస్తున్న మనిషి కాలిని ఆ మాత్రం ఓపికగా తిప్పే తీరిక రద్దీగా ఉండే ఎక్స్‌రే గదిలో ఎవరికుంటుంది?

ఇంకొక చిక్కుంది. తుంటికీ మోకాలికీ వెళ్లే నరాలు కొన్ని ఒకటే కావడంతో, తుంటిలో పగులు ఉన్నా నొప్పి మోకాలి దగ్గర తెలుస్తుంది. అవ్వ మోకాలు పట్టుకుని చూపిస్తుంది. మోకాలికే ఎక్స్‌రే తీస్తారు. డెబ్బై ఏళ్ల మోకాలిలో అరుగుదల ఎలాగూ కనపడుతుంది. ‘వయసు మీద పడింది, అరిగిపోయింది’ అని మాత్రలిచ్చి పంపుతారు. తుంటిని ఎవరూ ముట్టుకోనే లేదు. గజ్జల్లో నొప్పి ఉందా, పడుకోబెట్టి మోకాలు వంచకుండా కాలు పైకి లేపగలుగుతుందా, మడమ మీద మెల్లగా తడితే తుంటిలో పోటు వస్తుందా, ఈ మూడూ చూడడానికి యంత్రం అక్కర్లేదు. రెండు నిమిషాల సమయం, ఆమె చెప్పేది వినే చెవి ఉంటే చాలు.

ఆ రెండు నిమిషాలే దొరకడం లేదు. అదీ ముఖ్యంగా ఎక్కడ దొరకడం లేదో చెప్పాలి.

కర్నూలు జిల్లా పడమటి అంచున, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతానికి దక్షిణంగా చిప్పగిరి మండలం ఉంది. హరిదాసుల్లో పేరున్న విజయదాసు సమాధి అక్కడే అని కన్నడ దేశం నుంచి భక్తులు వస్తుంటారు. తెలుగు, కన్నడం కలగలిసిన నేల. నల్లరేగడి, వానమీద ఆధారపడిన పత్తి, వేరుశనగ. జిల్లా ముఖ్యపట్టణం కర్నూలు నూరు కిలోమీటర్ల పైమాటే. దగ్గర్లో ఉన్న పెద్ద ఊరు గుంతకల్లు, అది వేరే జిల్లా. బళ్లారి కర్నూలు కంటే దగ్గర, అది వేరే రాష్ట్రం. ఇక్కడి స్త్రీలకు ఏ జబ్బు చేసినా ముందు తేల్చుకోవలసింది ఏ సరిహద్దు దాటాలన్నది. పైగా పంట చేతికి రాని ఏడు ఊళ్లు సగం ఖాళీ అవుతాయి. దీన్ని ‘సుగ్గికి పోవడం’ అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంటకోతల పండుగ కాలం. ఇక్కడ ఆ మాటకు గుంటూరు వైపు మిరప కోతలకూ పత్తి తీతకూ మూటాముల్లె కట్టుకుని వలసపోవడం అని అర్థం వచ్చేసింది. మొగుడూ పెళ్లాలు కలిసి వెళ్తారు. ఇంట్లో మిగిలేది ముసలమ్మ, బడికిపోయే పిల్లలు, ఉంటే ఒక ఎనుము. నీళ్లు పట్టడం, పొయ్యి వెలిగించడం, పిల్లల్ని బడికి పంపడం, అన్నీ ఆమె మీదే. తడిసిన రేగడి మీద కాలు నిలవదు. పడినప్పుడు లేపడానికి ఇంట్లో పెద్దవాళ్లు ఉండరు.

ఆ వైపు పల్లెల్లో పనిమీద తిరిగినప్పుడు నేను కలిసిన ఒక అవ్వ సంగతి చెప్తాను. డెబ్బైకి అటూ ఇటూ ఉంటుంది, భర్త లేడు. కొళాయి దగ్గర జారిపడింది. రెండో రోజు పక్కింటివాళ్లు ఆటోలో పట్నానికి తీసుకుపోయారు. నడుచుకుంటూ వెళ్లగలిగిన మనిషికి 108 పిలవాలని ఎవరికీ తోచదు కదా. ఎక్స్‌రే తీశారు, ఏమీ లేదన్నారు, సూది వేశారు. ఊరికి తిరిగి వచ్చిన సాయంత్రమే పొయ్యి దగ్గర కూర్చుంది. ‘కాలు మోపేకి అయితల్లేదు నాయనా అంటే, పుటోలో ఏం లేదవ్వా, బయపడొద్దు అనిరి’ అని ఆమె నాతో అన్నది. రెండు వారాలు దాటాక ఒక తెల్లవారుజామున గొంతుక్కూర్చుని లేవబోతుంటే లోపల ఏదో పటుక్కుమంది, కాలు పొట్టిదైపోయింది. ఆ తర్వాత పెద్దాపరేషను చేసి బంతి మార్చారు. ప్రభుత్వ ఆరోగ్య కార్డు మీదే చేశారు, ఆ మేరకు మంచిదే. ఇప్పుడు కర్రతో నడుస్తుంది. గొంతుక్కూర్చోవద్దన్నారట. నేలమీద పొయ్యి, నేలమీద బట్టలుతుకుడు, చెంబు పట్టుకుని బయటికి పోవడం, ఇవన్నీ గొంతుక్కూర్చునే పనులైన ఊళ్లో ఆ సలహాకు అర్థం ఏమిటో ఆలోచించండి.

ఆ రెండు వారాల్లో లోపల జరిగిందేమిటి? మెడ భాగంలో పగులు జరగకుండా ఉన్నంతసేపూ గుండుకు రక్తం తీసుకుపోయే సన్నని నాళాలు చాలావరకు నిలిచి ఉంటాయి. చిన్న కోత పెట్టి రెండు మూడు మరలు బిగిస్తే చాలా మందికి సొంత ఎముకే అతుక్కుంటుంది. ముక్క జరిగిందంటే ఆ నాళాలు తెగుతాయి, గుండుకు రక్తం అందక చచ్చుబడే ప్రమాదం వస్తుంది, వయసు మళ్లిన వాళ్లలో గుండునే మార్చాల్సి వస్తుంది. ఖర్చు వేరు, మత్తు వేరు, పోయే రక్తం వేరు. మంచం పట్టిన మనిషికి పుళ్లు, న్యుమోనియా, కాళ్లలో రక్తం గడ్డకట్టడం వేరు. తుంటి విరిగిన వృద్ధుల్లో ఏడాది తిరిగేలోగా నూటికి 20 నుంచి 30 మంది చనిపోతున్నారని అనేక దేశాల లెక్కలు చెప్తున్నాయి. మన పల్లెల్లో దీన్ని ఎవరూ లెక్కపెట్టరు. ‘పడింది, లేవలేదు, పోయింది’ అంటారు. ముసలితనం మీద రాసేస్తారు.

మరి ఫిల్ములో కనపడనిది ఎందులో కనపడుతుంది? ఎంఆర్‌ఐలో. ఎక్స్‌రే ఎముక గట్టిభాగం నీడను చూపిస్తుంది, గీత దగ్గర సందు లేకపోతే నీడలో తేడా ఉండదు. ఎంఆర్‌ఐ ఎముక లోపలి మూలుగను చూస్తుంది. పగిలిన చోట మూలుగలో రక్తం, నీరు చేరతాయి, అది కొన్ని గంటల్లోనే నల్లని గీతలాగా తేలుతుంది. తుంటి వరకే పరిమితం చేసి తీస్తే కొద్ది నిమిషాల పని. గుండెకు పాతరకం పేస్‌మేకరు వంటివి పెట్టుకున్నవాళ్లకు పనికిరాదు. సీటీ స్కాను ఇంకా త్వరగా అయిపోతుంది, చాలా ఊళ్లకు అందుబాటులోకి వచ్చింది, అనేక పగుళ్లను పట్టిస్తుంది. ఎముక బాగా గుల్లబారినప్పుడు కొన్నిటిని వదిలేస్తుంది కాబట్టి సీటీలో లేకపోయినా నొప్పి తగ్గకపోతే ఎంఆర్‌ఐ చెయ్యాల్సిందే. అణుధార్మిక మందు ఎక్కించి తీసే ఎముకల స్కాను ఒకప్పుడు వాడేవాళ్లు. పడిన మొదటి రెండు మూడు రోజుల్లో వృద్ధులకు అది కూడా ఏమీ లేదని చెప్పే అవకాశం ఉంది. ఇంగ్లండులో 2011లో వచ్చిన జాతీయ మార్గదర్శకాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. ఎక్స్‌రే సరిగ్గా తీసినా ఏమీ కనపడకుండా, అనుమానం మాత్రం మిగిలి ఉంటే ఎంఆర్‌ఐ చెయ్యాలి. 24 గంటల్లో అది దొరక్కపోతే సీటీ గురించి ఆలోచించాలి. చేరిన రోజో మర్నాడో ఆపరేషను అయిపోవాలి.

ఆ మార్గదర్శకాల వెనకున్న తర్కాన్ని గమనించండి. ఫిల్ముకీ మనిషి నొప్పికీ పొత్తు కుదరనప్పుడు తప్పు ఫిల్ముదై ఉండొచ్చని వైద్యశాస్త్రమే ఒప్పుకుంటోంది. శరీరం చెప్పేదాన్ని సాక్ష్యంగా తీసుకుని ఇంకా వెతకమంటోంది. మన దగ్గర తలకిందులు. ‘కనపడలేదు’ అన్న మాట డాక్టరు నోట్లోంచి బయటపడి వరండా దాటేలోగా ‘ఏమీ కాలేదు’ అయిపోతుంది. ఊరు చేరేసరికి ‘ఏమీ కాకపోయినా పడుకుంది’ అవుతుంది.

ఈ చివరి మెట్టు గురించి కాస్త ఆగి మాట్లాడాలి. మన కుటుంబాల్లో ఇంటిపని చేసే స్త్రీ పడుకోవాలంటే అనుమతి కావాలి. జ్వరమొస్తే ఒళ్లు కాలాలి, దెబ్బ తగిలితే కట్టు కనపడాలి. చేతికి సిమెంటు పట్టీ వేస్తే ఎవరూ నీళ్లు తెమ్మని అడగరు. లోపలి నొప్పికి పట్టీ లేదు. ఎక్స్‌రే ‘ఏమీ లేదు’ అనేసరికి విశ్రాంతికి ఆమెకున్న ఒకే ఒక్క ఆధారం పోతుంది. కోడలు అత్తను అనుమానిస్తుంది, ‘నాటకాలు’ అంటుంది. కోడలు కఠినాత్మురాలని నేననను. అత్త మంచం పడితే సుగ్గి మానుకుని దినకూలీ పోగొట్టుకునేది, మలమూత్రాలు ఎత్తేది ఆమే. కొడుకు సుగ్గి ఎప్పుడూ ఆగదు. ఒక ఫిల్ము తప్పు చెప్పి ఇద్దరు స్త్రీల మధ్య చిచ్చు పెడుతుంది, ఆ ఖర్చు ఏ ఆసుపత్రి లెక్కలోనూ పడదు.

ఎక్స్‌రేలో లేదన్నాక కొందరు పుత్తూరు కట్టుకో, దగ్గర్లోని నాటువైద్యుడి దగ్గరికో వెళ్తారు. నేను వాళ్లను ఎగతాళి చేసే మనిషిని కాను. చెయ్యీ కాలూ విరిగిన లక్షలమంది పేదలకు దిక్కుగా నిలిచింది వాళ్లే. అయితే వాళ్ల నైపుణ్యమంతా వేళ్ల కొసల్లో ఉంటుంది, జరిగిన ఎముకను తడిమి పట్టుకోవడంలో ఉంటుంది. జరగని పగులు, అందునా కండల లోతున ఉన్న తుంటిలో, వేళ్లకు అందదు. నూనె పెట్టి తోమితే జరగని ముక్క జరిగే ప్రమాదముంది.

యంత్రాలు ఖరీదైనవి, పల్లెలకు ఎలా వస్తాయి అని అడిగేవాళ్లకు ఒక పాత సంగతి గుర్తుచెయ్యాలి. అల్ట్రాసౌండు స్కానింగు యంత్రం చిన్న చిన్న పట్నాల్లోకి ఎంత వేగంగా వచ్చిందో మనం కళ్లారా చూశాం. సరైన మంచినీళ్లు లేని చోటికి, కరెంటు నిలవని చోటికి అది వచ్చింది. స్త్రీ కడుపులో ఆడపిల్ల ఉందో లేదో చూడడానికి గిరాకీ ఉంది కాబట్టి వచ్చింది. దాన్ని అదుపు చెయ్యడానికి 1994లో చట్టం చెయ్యాల్సి వచ్చింది, 1996లో అది అమల్లోకి వచ్చింది. అయినా పట్టించుకోకపోతే 2000లో సుప్రీంకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది, 2003లో చట్టాన్ని సవరించాల్సి వచ్చింది. స్త్రీ శరీరం లోపలికి చూడడానికి ఈ సమాజానికి డబ్బు లేక, సాంకేతికత లేక కాదు. పుట్టబోయేది ఆడపిల్లా అని చూడడానికి పెట్టిన డబ్బు, పుట్టి డెబ్బై ఏళ్లు పనిచేసిన ఆడమనిషి తుంటి చూడడానికి పెట్టబుద్ధి కాదు. (ఇక్కడ ఒక మాట చెప్పాలనిపిస్తోంది. 1895 డిసెంబరులో రాంట్‌జెన్ తీసిన, మనిషి శరీరపు తొలి ఎక్స్‌రే చిత్రం ఆయన భార్య బెర్తా చెయ్యి, వేలికి ఉంగరంతో సహా. 1971లో లండన్‌లో తొలి సీటీ స్కాను చేయించుకున్న రోగి కూడా స్త్రీయే. ప్రయోగానికి స్త్రీ శరీరం ఎప్పుడూ దగ్గరే ఉంటుంది.)

ఈ ప్రాంతపు స్త్రీల ఎముకలు ఎందుకు అంత త్వరగా గుల్లబారుతున్నాయి అన్నది రెండో ప్రశ్న. వీణా శత్రుఘ్న, హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థలోని ఆమె సహచరులు 2005లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో మనకు దారి చూపిస్తుంది. 30 నుంచి 60 ఏళ్ల మధ్య వయసున్న 289 మంది పేద స్త్రీల ఎముకల సాంద్రతను వాళ్లు కొలిచారు. తొడ ఎముక మెడ దగ్గర నూటికి 29 మందికి ఎముక గుల్లబారిపోయి ఉంది, మరో 52 మందికి ఆ దారిలో ఉంది. వాళ్లు ముసలివాళ్లు కారని గుర్తుంచుకోండి. వాళ్ల రోజువారీ తిండిలో కాల్షియం 270 మిల్లీగ్రాముల దగ్గర ఉంది. పెద్దవయసు స్త్రీకి రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలని 2020లో భారత వైద్య పరిశోధనా మండలి నిర్ణయించింది. ఎనుము పాలు అమ్మకానికి పోతాయి, ఇంట్లో మిగిలిన మజ్జిగ మగవాళ్లకూ పిల్లలకూ పోతుంది. చివర తినేవాళ్లకు ఏం మిగులుతుందో మనకు తెలియనిది కాదు. వరస కాన్పులు, ఏళ్లకేళ్లు పాలివ్వడం, అంత తక్కువ కాల్షియంతో. కొందరికి ఎముకే మెత్తబడుతుంది. నలభై ఏళ్లకే కూర్చుంటే లేవలేరు, బాతులాగా అటూ ఇటూ ఊగుతూ నడుస్తారు, ‘వాతం’ అని పేరు పెడతారు. ఇలాంటి మెత్తబడిన ఎముకల్లో కిందపడకుండానే, మోసే బరువుకే, రెండు తుంటుల్లోనూ సన్నని పగుళ్లు వస్తాయి. అవి ఎక్స్‌రేలో వెంట్రుకవాసి నీడలాగా ఉంటాయి, వెతికే కన్ను ఉంటేనే కనపడతాయి.

దీనికి తోడు గర్భసంచి తీసివేతలు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తంమీద నూటికి 3.2 ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9. దేశంలోకెల్లా ఎక్కువ. తెల్లబట్ట అయినా, నడుము నొప్పి అయినా ‘కాన్సరు వస్తుంది, తీసేద్దాం’ అని భయపెట్టి తీసేసిన కథలు రాయలసీమలో ఏ ఊళ్లో అడిగినా వినవచ్చు. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజే ముట్లుడిగినట్టు. ఎముకను కాపాడే ఈస్ట్రోజను ముప్పై ఐదేళ్లకే ఆగిపోతే యాభైకే ఆ ఎముక డెబ్బై ఏళ్లదవుతుంది. అక్కర్లేని కోతకు ముందుకొచ్చే వైద్యవ్యవస్థ, ఆ కోత ఫలితంగా ముందుగా గుల్లబారిన తుంటి పగిలినప్పుడు ‘ఫిల్ములో ఏమీ లేదు’ అంటోంది. ఈ రెంటికీ సంబంధం లేదని ఎలా అనుకోగలం?

2007లో రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ పేదలకు పెద్దాపరేషన్లు అందించింది, అది మామూలు విషయం కాదు. ప్రభుత్వాలు మారినా, పేర్లు మారినా పథకం స్వభావం మాత్రం మారలేదు. జబ్బుకు పేరు పడ్డాక, చెయ్యాల్సిన చికిత్స జాబితాలో ఉన్నాక అది తలుపు తెరుస్తుంది. పేరు పడకముందు, అనుమానంగా ఉన్న దశలో, పల్లెటూరి స్త్రీ ఇంటికీ ఆసుపత్రికీ మధ్య ఒంటరిగా నిలబడి ఉంటుంది. బంతి మార్చడానికి డబ్బు కట్టే ప్రభుత్వం, ఆ అవసరం రాకుండా చేసే ఒక్క స్కాను దగ్గర మనిషిని ఆమె జేబుకు వదిలేస్తోంది. ప్రైవేటు సెంటరులో ఎంఆర్‌ఐకి వేలల్లో అవుతుంది. ఆ డబ్బు కూలీల ఇంట్లో ఎవరికోసం తీస్తారు? ట్రాక్టరు తోలే కొడుకు పడితే వడ్డీకి తెచ్చయినా తీస్తారు. అవ్వ కోసం తేవాలన్న ఆలోచన అవ్వకే రాదు. ‘నాకెందుకు నాయనా అంత దుడ్డు’ అంటుంది. ఆ మాట త్యాగం కాదు, ఒక జీవితకాలం నేర్పిన లెక్క.

జాతీయ ఆరోగ్య మిషన్ 2015లో తెచ్చిన ఉచిత పరీక్షల మార్గదర్శకాల్లో జిల్లా ఆసుపత్రులకు సీటీ స్కాను, కిందిస్థాయి ఆసుపత్రులలో తీసిన ఎక్స్‌రేలను దూరంగా ఉన్న రేడియాలజిస్టు చదివి పంపే ఏర్పాటు ఉన్నాయి. అంటే కాగితం మీద ఇది కొత్తగా కోరే వరమేమీ కాదు. పడమటి కర్నూలు పల్లెల నుంచి చూస్తే కావలసింది ఇది. అరవై దాటిన స్త్రీ కిందపడి కాలు మోపలేనంటే, ఎక్స్‌రేలో ఏమీ లేకపోతే, ఆమెను ఇంటికి పంపకూడదు. పగులు ఉన్నట్టే భావించి పడుకోబెట్టి, నొప్పి తగ్గించి, వాహనమిచ్చి, ఒక రోజులోపు సీటీ ఉన్న చోటికి, అక్కడా తేలకపోతే ఎంఆర్‌ఐ ఉన్న కర్నూలు పెద్దాసుపత్రికి చేర్చాలి. జిల్లా దాటి గుంతకల్లులోనో, రాష్ట్రం దాటి బళ్లారిలోనో తీయిస్తే ఆ ఖర్చు కూడా పథకంలో చేరాలి. జబ్బుకు జిల్లా సరిహద్దు తెలియదు. స్కాను అందే దారే లేనప్పుడు కాలిమీద బరువు మోపనివ్వకుండా ఉంచి పది పదిహేను రోజులకు మళ్లీ ఎక్స్‌రే తియ్యాలి. అప్పటికి పగులు అంచులు కరిగి గీత తేలుతుంది. ఇది రెండోరకం పద్ధతి, మంచానికి కట్టేసే పద్ధతి, ఆ పదిహేను రోజులు ఎవరు చాకిరీ చెయ్యాలన్న ప్రశ్న ఉన్న పద్ధతి. అందుకే దీన్ని స్కానుకు ప్రత్యామ్నాయంగా ఒప్పుకోకూడదు.

పడిన ప్రతి మనిషికీ స్కాను చెయ్యాలని నేననడం లేదు. అలా అడిగితే రేపు స్కానింగు సెంటర్లే ఊరూరా శిబిరాలు పెట్టి మన ఎముకల మీద కొత్త వ్యాపారం మొదలుపెడతాయి. గర్భసంచి విషయంలో ఆ వ్యాపారం ఏం చేసిందో పైన చెప్పాను. నేనడిగేది స్కానుకు ముందు చెయ్యాల్సిన ఆ రెండు నిమిషాల పరీక్ష, ఆ పరీక్షలో అనుమానం మిగిలితే ఆగకుండా ముందుకు తీసుకుపోయే దారి.

ఊళ్లల్లో పనిచేసే ఆశా కార్యకర్తలకు గర్భిణీల లెక్క, పిల్లల టీకాల లెక్క ఉన్నాయి. సుగ్గి కాలంలో ఒంటరిగా మిగిలిన వృద్ధ స్త్రీల లెక్క కూడా వాళ్ల పుస్తకంలో ఉండాలి, ఆ అదనపు పనికి అదనపు డబ్బు వాళ్లకు ఇవ్వాలి. మహిళా సంఘాలు, పొదుపు సంఘాలు ఇప్పటికిప్పుడు చెయ్యగలిగిన పని ఒకటి ఉంది. ఆసుపత్రికి అవ్వ వెంట ఎవరు వెళ్లినా ‘ఏమీ లేదు’ అన్న నోటిమాటతో తిరిగి రావద్దు. తుంటిని తాకి చూశారా, కాలు ఎత్తించి చూశారా అని అడగాలి. ‘ఎక్స్‌రేలో పగులు కనపడలేదు, కాలు మోపలేకపోతున్నది, తుంటి పగులు అనుమానం, సీటీ లేదా ఎంఆర్‌ఐ అవసరం’ అన్న నాలుగు ముక్కలు ఓపీ చీటీ మీద రాయించి, తేదీ వేయించి, డాక్టరు సంతకం పెట్టించుకోవాలి. రాయనంటే ఎందుకు రాయరో అడగాలి. ఆ చీటీ చేతిలో ఉంటే మండలంలోనో, జిల్లాలోనో మన మాట మొదలుపెట్టడానికి ఒక కాగితం ఉంటుంది. ఇంట్లో ఆ రాత్రి పొయ్యి వేరేవాళ్లు వెలిగించడానికి కూడా అది పనికొస్తుంది.